గోలీసోడా, అల్ట్రాసౌండ్, మా బాబాయి వాళ్ళ బోరు నీళ్ళు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు గిద్దలూరులో మా బాబాయి వాళ్ళింట్లో కొత్త మిషను ఒకటి చూశాను. వంటింటి గట్టు మీద స్టీలు తొట్టి, ముందు నీలం లైటు, పక్కన టైమరు. "అల్ట్రాసౌండుతో నీళ్ళు శుద్ధి చేస్తుంది రా. మావాడు బెంగుళూరు నించి డబ్బులు పంపాడు" అన్నాడు బాబాయి. పదిహేను వేలకి కాస్త తక్కువట. మా తమ్ముడు అక్కడ టెస్టింగులో పనిచేస్తాడు. వాడి రిలీజుల్లో బగ్గు దాటిపోవడం కష్టం అని పేరు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

బాబాయి డెమో కూడా ఇచ్చాడు. తొట్టిలో బోరు నీళ్ళు పోసి స్విచ్ వేశాడు. జుయ్ మని ఒక సన్నటి రొద. అరనిమిషంలో నీళ్ళు పాలపాలగా అయ్యాయి, సన్నటి బుడగలు వరసలు కట్టుకుని పైకి రావడం మొదలెట్టాయి. "చూశావా, ఫ్లోరిన్ అంతా గ్యాసై బయటికి పోతోంది. అమ్మినతను ఇట్లానే చూపించాడు." పిన్ని అయితే ఆ నీళ్ళు అప్పటికే రెండు నెలల నుంచి అందరికీ తాగిస్తోంది. అందరికీ అంటే మా చెల్లెలి కూతురికి కూడా. దానికి నాలుగేళ్ళు. అంతకు ముందు క్యాన్ నీళ్ళు తెప్పించుకునేవాళ్ళు, మిషను వచ్చాక మానేశారు.

ఆ చివరి వాక్యం లేకపోతే ఈ టపా రాసేవాణ్ణి కాదు. పనికిరాని వస్తువు కొనుక్కోవడం మనందరికీ అలవాటే. నా దగ్గరే ఒక ట్రెడ్‌మిల్ ఉంది, బట్టలు ఆరేసుకుంటున్నాం. కానీ ఒక పనికిరాని వస్తువు వచ్చి పనికొచ్చే వస్తువుని ఇంట్లోంచి వెళ్ళగొడితే అప్పుడు మాట్లాడుకోవాలి.

ముందు ఒక మాట. ఆ బుడగలు నిజమే, మోసం కాదు. అల్ట్రాసౌండ్ నిజంగానే నీళ్ళలోంచి గ్యాస్ బయటికి లాగుతుంది. ఆ గ్యాసుకి పెట్టిన పేరు దగ్గరే వచ్చింది పేచీ అంతా. అది ఫ్లోరిన్ కాదు, గాలి.

ఇది అర్థం కావాలంటే గోలీసోడా దగ్గరికి వెళ్ళాలి. నా చిన్నప్పుడు మార్కాపురంలో సోడా కొట్టే మిషను చూడ్డం ఒక సరదా. గోలీ ఉన్న సీసాలు నీళ్ళతో నింపి ఒక పంజరం లాంటి దాంట్లో పెట్టి, సిలిండర్ నించి గ్యాస్ వదిలి, చక్రం తిప్పేవాళ్ళు. సీసాలు తలకిందులై, మళ్ళీ లేచి, మళ్ళీ తలకిందులై గిరగిరా తిరిగేవి. ఆపి తీస్తే గోలీ మెడ దగ్గర రబ్బరు రింగుకి అతుక్కుపోయి ఉండేది. ఆ సీసా డిజైను మనది కాదు, హైరం కాడ్ అనే ఇంగ్లీషాయన 1870లలో పేటెంటు చేసుకున్నాడు. వాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు, మన పక్క ఇంకా కీచుమనిపిస్తూనే ఉన్నాం.

అక్కడ జరిగే పనులు రెండు. సిలిండర్ చేసేది ఒకటి, చక్రం చేసేది ఇంకొకటి. నీళ్ళలో ఎంత గ్యాస్ పడుతుందో తేల్చేది సిలిండర్ ప్రెషరూ, నీళ్ళ చల్లదనమూ. ఇది 1803లో విలియం హెన్రీ చెప్పిన సూత్రం. పైన ఉన్న గ్యాస్ ప్రెషర్ రెట్టింపైతే కరిగేదీ రెట్టింపవుతుంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర కార్బన్ డయాక్సైడ్ 25 డిగ్రీల నీళ్ళలో లీటరుకి సుమారు ఒకటిన్నర గ్రాములు కరుగుతుంది. అదే సున్నా డిగ్రీల దగ్గర 3.3 గ్రాముల దాకా. ఐసు పెట్టెలో పెట్టిన సోడా ముక్కుల్లోకి తన్నడం, ఎండలో పెట్టింది ఉసూరుమనడం ఇందుకే. మరి చక్రం ఏం చేస్తుంది? ఆ హద్దు దగ్గరికి తొందరగా తీసుకెళ్తుంది, అంతే. తిప్పకుండా వదిలేసినా చివరికి అంతే గ్యాస్ కరుగుతుంది. ఎంత తిప్పినా హద్దు మాత్రం దాటదు.

మన భాషలో చెప్పాలంటే చక్రం బ్యాండ్‌విడ్త్, ప్రెషర్ డిస్కు సైజు. లైను ఎంత స్పీడుదైనా 500 జీబీ డిస్కులో 600 జీబీ పట్టదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే నీళ్ళ మిషన్ల ప్రకటనల్లో సగం అక్కడికక్కడే రాలిపోతాయి.

అల్ట్రాసౌండ్ కూడా ఈ లెక్కలో చక్రం లాంటిదే. కాకపోతే రెండు వైపులా తిరిగే చక్రం. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ పైన వినపడదు. ఈ తొట్టి మిషన్లు ఎక్కువగా 40 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తాయి, అంటే నీళ్ళు సెకనుకి నలభై వేలసార్లు నొక్కుడు పడి సాగుతాయి. (మనకి వినపడే రొద వేరే, అది బుడగలు చేసే గోల.) బయటినుంచి గ్యాస్ వదులుతూ ఈ శబ్దం పెడితే పెద్ద బుడగలు చితికి సన్నవవుతాయి, గ్యాసుకీ నీళ్ళకీ మధ్య తగిలే వైశాల్యం పెరుగుతుంది, గ్యాస్ గబగబా కరుగుతుంది. కెమికల్ ప్లాంట్లలో ఈ ఉపయోగం ఉంది. కానీ బయటి నుంచి గ్యాస్ ఇవ్వకుండా తెరిచిన తొట్టిలో పెడితే కథ తిరగబడుతుంది. కరిగి ఉన్న గ్యాసే బయటికి వస్తుంది.

ఎందుకు వస్తుందో చూడండి, నాకు భలే నచ్చిన సంగతి ఇది. నీళ్ళలో కంటికి కనపడని బుడగలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి, గిన్నె గీతల్లోనో దుమ్ము కణాల మీదో. శబ్ద తరంగం నీళ్ళని సాగదీసినప్పుడు బుడగ ఉబ్బుతుంది, లోపల ప్రెషర్ పడిపోతుంది, చుట్టూ ఉన్న నీళ్ళలోంచి గ్యాస్ లోపలికి వస్తుంది. నొక్కినప్పుడు బుడగ ముడుచుకుంటుంది, గ్యాస్ తిరిగి నీళ్ళలోకి పోతుంది. సమానమే కదా అనిపిస్తుంది. కాదు. లోపలికి తీసుకునేటప్పుడు బుడగ పెద్దది, ఒళ్ళు ఎక్కువ. తిరిగి ఇచ్చేటప్పుడు చిన్నది, ఒళ్ళు తక్కువ. పాతకాలం షావుకారు లాగా, కొలుచుకునేటప్పుడు పెద్ద కుంచం, కొలిచిచ్చేటప్పుడు చిన్న కుంచం. ఒక్కసారికి మిగిలేది చాలా తక్కువే, కానీ సెకనుకి నలభై వేలసార్లు. బుడగ పెరిగి, పక్క బుడగతో కలిసి, బరువు తేలికై పైకి లేస్తుంది. బాబాయి చూపించింది ఇదే. దానికి తోడు మిషను నీళ్ళని వెచ్చబెడుతుంది కూడా, వెచ్చటి నీళ్ళలో గ్యాస్ తక్కువే పడుతుంది.

మా బాబాయి వాళ్ళది బోరు నీళ్ళు కాబట్టి డెమో ఇంకా బాగా పండింది. భూమి లోతున నీళ్ళు ప్రెషర్ కింద ఉంటాయి, మట్టిలో వేర్లూ సూక్ష్మజీవులూ వదిలే కార్బన్ డయాక్సైడ్ వాటిలో మామూలు కన్నా ఎక్కువే కరిగి ఉంటుంది. పైకి రాగానే అది బయటపడాలని చూస్తుంది. బోరు ఆన్ చేసిన కొత్తలో నీళ్ళు తెల్లగా వచ్చి గ్లాసులో కాసేపటికి తేటబడటం మీరు చూసే ఉంటారు. తేటదనం కింది నుంచి పైకి వస్తే అది గ్యాస్. పై నుంచి కిందికి వస్తే మట్టి. ఇది పైసా ఖర్చు లేని టెస్టు.

ఈ గ్యాస్ లాగే విద్య చిన్నదేం కాదు. హైదరాబాదులో ఫార్మా కంపెనీల్లో ఎవరినైనా అడగండి, హెచ్‌పీఎల్‌సీ మిషనులో పోసే ద్రావకాలని ముందు ఇలాంటి తొట్టిలో పెట్టి గాలి తీయడం వాళ్ళకి చిరపరిచితం. లేకపోతే పంపులో బుడగ పడి గ్రాఫు పాడవుతుంది. ఒక్క శబ్దంతో గాలి పూర్తిగా పోదు కాబట్టి చాలాచోట్ల వ్యాక్యూమ్ కూడా కలుపుతారు. కరిగించిన అల్యూమినియంలో హైడ్రోజన్ ఇరుక్కుంటే పోత గుల్లబారుతుంది, అక్కడ కూడా అల్ట్రాసౌండుతో లాగుతారు. బుడగలు ఇంకా గట్టిగా కూలితే జరిగే పని మరీ విచిత్రం, కూలే బుడగ లోపల ఒక్క క్షణంలో కొన్ని వేల డిగ్రీల వేడి పుడుతుంది. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో కెన్నెత్ సస్లిక్ దాన్ని సుమారు 5000 డిగ్రీలని కొలిచాడు. ఆ వేడిని వాడి రంగుల ఫ్యాక్టరీల మురుగునీళ్ళని విరగ్గొట్టే ప్రయత్నాలు ముంబై ఐసీటీలో అనిరుద్ధ పండిట్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి చేశారు. కాబట్టి అల్ట్రాసౌండ్ అనగానే బూటకం అని నేను అనను. పెద్ద అణువుని విరగ్గొట్టొచ్చు, గ్యాసుని లాగొచ్చు, మురికిని విదల్చొచ్చు.

ఫ్లోరైడుని మాత్రం ఏం చేయలేదు. ఎందుకంటే అది విరగ్గొట్టడానికి అణువు కాదు, ఎగిరిపోవడానికి గ్యాసూ కాదు. ఒంటరి అయాను. నీళ్ళలో ఉప్పు కరిగి ఉన్నట్టే కరిగి ఉంటుంది. ఉప్పునీళ్ళని ఎంత కుదిపినా ఉప్పు గాల్లోకి లేస్తుందా? ఫ్లోరిన్ అనే గ్యాస్ వేరే ఉంది, అది నిజంగా బాబాయి వంటింట్లో బయటికొచ్చి ఉంటే మేం అరిసెలు తింటూ కూర్చుని ఉండేవాళ్ళం కాదు, అది అంత విషం. మన పక్క అందరూ "ఫ్లోరిన్ నీళ్ళు" అనడం అలవాటు. ఆ మాటలో ఉన్న తికమకనే అమ్మేవాడు పెట్టుబడిగా పెట్టుకున్నాడు.

ఇక్కడితో ఆగిపోయినా సరిపోయేది, కానీ ఇంకో మెలిక ఉంది. బోరు నీళ్ళలో గ్యాసుకీ ఫ్లోరైడుకీ నిజంగానే ఒక సంబంధం ఉంది, అది మిషను వాడు చెప్పేదానికి ఉల్టా.

బోరు నీళ్ళలో కాల్షియం బైకార్బనేటు రూపంలో కరిగి ఉండటానికి కారణం అందులో ఉన్న కార్బన్ డయాక్సైడే. ఆ గ్యాస్ బయటికి పోతే కాల్షియం కరిగి ఉండలేదు, సున్నపు పొరగా గిన్నెకి పడుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టేది ఇదే. గీజర్ రాడ్డుకి పట్టేదీ ఇదే. సరే, కాల్షియం తగ్గితే మంచిదే కదా, నీళ్ళు మెత్తబడతాయి అనుకుంటాం. ఐతే నీళ్ళలో ఫ్లోరైడుని కాస్తో కూస్తో అదుపులో పెట్టేది ఆ కాల్షియమే. రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడుగా పడిపోతాయి, అది నీళ్ళలో సరిగ్గా కరగదు. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ ఒక స్థాయి దాటి ఉండలేదు. కాల్షియం తగ్గితే ఆ పగ్గం వదులవుతుంది. అందుకే ఫ్లోరైడ్ ఎక్కువున్న భూగర్భజలాల్లో చాలావరకు సోడియం, బైకార్బనేటు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటాయి. నాలిక్కి మెత్తగా తగిలే నీళ్ళే కొన్నిసార్లు ఎముకలకి చెడ్డవి. పిన్ని "మిషను పెట్టాక నీళ్ళు తేలిగ్గా ఉన్నాయి రా" అంటోంది. తేలిగ్గా ఉన్నాయేమో కూడా. ఫ్లోరైడ్ ఉన్నంతా ఉంది.

కాచడం కూడా అంతే. క్రిములకి కాచడం బ్రహ్మాండమైన మందు. ఫ్లోరైడుకి కాదు. పది లీటర్లు మరిగి తొమ్మిది లీటర్లయితే పదిలో ఉన్న ఫ్లోరైడంతా తొమ్మిదిలో ఉంటుంది.

మా ప్రాంతానికి ఇది కొత్త బాధ కాదు. జిల్లాల గీతలు ఎటు మారినా మేం పశ్చిమ ప్రకాశం అనే అంటాం. మార్కాపురం, గిద్దలూరు, కంభం ఒకప్పుడు కర్నూలు జిల్లావి. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరువి. 1970లో ఇవన్నీ, గుంటూరు నుంచి ఇంకొంత కలిపి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. మన దేశంలో నీళ్ళ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదికలు వచ్చింది 1937లో, అదీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. నల్గొండ పేరు దేశమంతా తెలిసింది, పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్ తీసే నాగపూర్ నీరి వాళ్ళ పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు కూడా. మా వైపు ఊళ్ళ పేర్లు పేపర్లో జిల్లా ఎడిషన్ దాటి రావడం తక్కువ.

భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే గతి లేకపోతే 1.5 దాకా. దాటితే ముందు దెబ్బ తినేది పిల్లల పళ్ళు. పక్కా పళ్ళు చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు, ఎక్కువ ఫ్లోరైడ్ తాగితే ఎనామిల్ మీద మచ్చలు పడతాయి, అవి ఆ పళ్ళతోనే ఉంటాయి. బాగా ఎక్కువ మోతాదు ఏళ్ళ తరబడి పోతే ఎముకలు, కీళ్ళు బిగుసుకుంటాయి. మా మేనకోడలికి నాలుగేళ్ళని మొదట ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక మన సంగతికి వద్దాం. అమ్మినవాణ్ణి తిట్టడం తేలిక. నాకు కోపం వచ్చింది మా తమ్ముడి మీద, కాసేపటికి నా మీద నాకు. వాడు టెస్టరు. ఆఫీసులో ఎవడైనా "ఫిక్స్ చేశాను" అని చెప్తే ఊరుకోడు, ముందు ఎంత, తర్వాత ఎంత అని అడుగుతాడు. ఇంటికి వచ్చేసరికి ఆ బుర్ర ఎటు పోయింది? ఫోన్ చేసి అడిగాను. "అన్నా, టీడీఎస్ మీటర్ పెట్టి చూపించాడు కదా" అన్నాడు.

టీడీఎస్ మీటర్ కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతోందో. దాన్నిబట్టి మొత్తం లవణాలు ఇంత ఉండొచ్చు అని ఒక అంకె చూపిస్తుంది. మొత్తం వెయ్యి మిల్లీగ్రాముల్లో ఫ్లోరైడ్ మూడుందా సున్నా ఉందా దానికి తెలియదు. లాగు ఫైలు సైజు చూసి లోపల ఎర్రర్ ఉందో లేదో చెప్పినట్టు ఉంటుంది. పైగా గ్యాస్ పోయి సున్నం కాస్త అడుగున పడితే అంకె నిజంగానే కొంచెం తగ్గుతుంది కూడా! డెమో పాసైపోతుంది. తప్పు టెస్టు రాసుకుంటే ఏ బిల్డయినా పాసే.

ఫ్లోరైడుకి వేరే కిట్ ఉంటుంది. చుక్కలు వేస్తే రంగు మారుతుంది, కార్డు మీద రంగుతో పోల్చుకోవాలి. అంతకన్నా ఖచ్చితంగా కావాలంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో పరీక్ష చేస్తారు. నేను కిట్ తెప్పించాను. బోరు నీళ్ళు ఒక గ్లాసు, మిషనులో అరగంట తిప్పిన నీళ్ళు ఒక గ్లాసు, పాత క్యాన్ నీళ్ళు పక్కింటి వాళ్ళ దగ్గర అడిగి ఒక గ్లాసు. మొదటి రెండూ ఒకే రంగు, రెండూ 1.5 గీత దాటి. మూడోది 1 కన్నా కింద. బాబాయి రిటైర్డ్ లెక్కల మాస్టారు. మూడు గ్లాసులూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే క్యాన్ అబ్బాయికి ఫోన్ చేశాడు.

క్యాన్ నీళ్ళంటే మన ఊళ్ళలో ఆర్వో ప్లాంటు నీళ్ళే. పేరు మాత్రం మినరల్ వాటర్. ఆర్వో గురించి కూడా ఒక ముక్క, ఎందుకంటే అక్కడా గ్యాసు కథే ఉంది. ఆర్వో పొర ఫ్లోరైడుతో సహా లవణాలని బాగా ఆపుతుంది, కానీ కరిగిన కార్బన్ డయాక్సైడుని ఆపలేదు, అది పొరలోంచి దూరిపోతుంది. బైకార్బనేటు ఆగిపోయి గ్యాస్ మాత్రం వచ్చేయడంతో ఆ నీళ్ళు కాస్త ఆమ్లం వైపు మొగ్గుతాయి. క్యాన్ నీళ్ళు తాగితే ఏదో తేడాగా ఉంది అని పెద్దవాళ్ళు అనడం ఊరికే కాదు. చూడండి, ఒకే ఇంట్లో రెండు మిషన్లు. ఒకటి గ్యాసుని తీసి లవణాన్ని వదిలేస్తుంది, ఇంకోటి లవణాన్ని తీసి గ్యాసుని వదిలేస్తుంది. మనకి అవసరమైంది రెండోది. దానికీ లోపాలున్నాయి. వదిలేసే నీళ్ళలో ఫ్లోరైడ్ చిక్కబడి మళ్ళీ మా భూమిలోకే పోతుంది, పొర పాతబడితే పనితనం తగ్గుతుంది, ప్లాంటువాడు ఎప్పుడు మార్చాడో మనకి చెప్పడు. అందుకే ఆరు నెలలకోసారైనా కిట్‌తో చూసుకోవాల్సిందే.

"మా అపార్ట్‌మెంట్ పైపుకి అల్ట్రాసోనిక్ డీస్కేలర్ పెట్టాం, పనిచేస్తోంది" అని మీలో కొందరు అంటారని తెలుసు. చేస్తుండొచ్చు. బాయిలర్లకీ హీట్ ఎక్స్ఛేంజర్లకీ పొర గట్టిపడకుండా అల్ట్రాసౌండ్ వాడటం ఉంది, సున్నం గోడకి అతుక్కోకుండా నీళ్ళలోనే పలుకులుగా పడేలా చేయడం దాని ఆలోచన. ఫలితాలు నీళ్ళని బట్టి, మిషనుని బట్టి మారతాయి. కానీ అది పైపు ఆరోగ్యం. పలుకులైనా పొరైనా సున్నం నీళ్ళలోనే ఉంది. అలాగే ఆఫీసుల్లో కొందరు పట్టుకుని తిరిగే హైడ్రోజన్ నీళ్ళ సీసాలు. మామూలు పీడనం దగ్గర లీటరు నీళ్ళలో పట్టే హైడ్రోజన్ 1.6 మిల్లీగ్రాములు, మూత తీశాక అదీ నిలవదు. ఆక్సిజన్ కలిపిన నీళ్ళయితే ఇంకా కామెడీ. 25 డిగ్రీల దగ్గర గాలి తగిలే లీటరు నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములు, గ్యాసుగా కొలిస్తే సుమారు 6 మిల్లీలీటర్లు. మామూలుగా పీల్చే ఒక్క ఊపిరిలో 100 మిల్లీలీటర్ల ఆక్సిజన్ లోపలికి వెళ్తుంది. అదీ ఫ్రీగా.

మరి అసలు మందు ఏమిటంటే ఉపరితలం నీళ్ళు. వానకి నిండిన చెరువులో, నదిలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ, ఎందుకంటే ఆ నీళ్ళు రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి నానలేదు. గుండ్లకమ్మ మీద విజయనగరం కాలంలో కట్టిన కంభం చెరువు ఇప్పటికీ ఉంది, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలోకి ఎక్కింది. ఆ కాలపు వాళ్ళకి హెన్రీ తెలియదు, ఫ్లోరైడ్ తెలియదు, చెరువు మాత్రం కట్టి పోయారు. మన కాలం వాళ్ళం వెలిగొండ మొదలెట్టాం. 1996లో శంకుస్థాపన. నల్లమల కింద ఒక్కోటి 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు, శ్రీశైలం వరద నీళ్ళు 43.5 టీఎంసీలు, 15 లక్షల మందికి పైగా తాగునీళ్ళు అని లెక్క. సొరంగాలని జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. మధ్యలో 28 ఏళ్ళు. శంకుస్థాపన రోజు పుట్టిన పిల్లాడు ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగంలో చేరి, ఇంటికి నీళ్ళ మిషను కొనిపెట్టేంత టైము. ఆ ఖాళీలోనే ఈ తొట్టెలు అమ్ముడుపోతున్నాయి. సర్కారు నీళ్ళు టైముకి వచ్చే ఊళ్ళో ఇలాంటి డెమోలకి జనం చేరరు.

మా తమ్ముడు డబ్బులు వెనక్కి అడిగాడు. అమ్మినతని నంబరు పనిచేయడం లేదు. వాడు ఆ పదిహేను వేల గురించే బాధపడుతున్నాడు. నేను ఆ రెండు నెలల గురించి అన్నాను. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. తర్వాత వాడే, అపార్ట్‌మెంట్ గ్రూపులో తను ఆ మిషను గురించి పొగిడి రాసిన మెసేజీ వెతికి, దాని కిందే కిట్ ఫోటో పెట్టాడు.

మిషను ఇంకా వంటింట్లోనే ఉంది. బాబాయి దాంట్లో కళ్ళజోడు కడుక్కుంటున్నాడు. చెప్పకూడదు గానీ, అద్దాలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి.